బాబాయి కారుకు లారీ అద్దం

ఇప్పుడంటే వీధికి నాలుగు కార్లు దుమ్ముకొట్టుకుని పడి ఉంటున్నాయి గానీ, ఆ రోజుల్లో ప్రత్తిపాడు పక్కనున్న మా ఊళ్లో కారంటే మా బాబాయిదే. ఎన్ని చేతులు మారి వచ్చిందో దానికే తెలియదు. డిగ్రీ తప్పి ఊరి మీద తిరుగుతున్న నన్ను బాబాయి దానికి క్లీనరుగా వేసుకున్నాడు. (పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు మాత్రం అసిస్టెంట్ డ్రైవరునని చెప్పుకునేవాణ్ణి.) ఒకరోజు జిన్నింగు మిల్లు ముందు, పత్తి బోరేలు రెండు పక్కలా పొంగిపొర్లుతున్న ట్రాక్టరొకటి మమ్మల్ని రాసుకుంటూ పోయి ఎడమవైపు అద్దాన్ని పగలగొట్టింది. మామూలుగా అయితే బాబాయి అద్దం లేకుండానే ఏడాది తోలేసేవాడు. వెనక వచ్చేవాడి సంగతి వాడే చూసుకోవాలన్నది ఆయన సిద్ధాంతం. కానీ వచ్చే సోమవారం నాయనమ్మను కంటి ఆపరేషనుకి గుంటూరు బ్రాడీపేట తీసుకెళ్లాలి.

నాయనమ్మకు రెండు కళ్లలోనూ శుక్లాలు. మనుషుల్ని అడుగుల చప్పుడుబట్టి, మిరపకాయల రకాన్ని ఘాటుబట్టి పోల్చుకునేది. ఇంకా ఆలస్యం చేస్తే చూపు దక్కదని డాక్టరు గట్టిగానే చెప్పాడు. ఆవిడేమో కోతలని ఒకసారి, మూఢమని ఒకసారి, గేదె ఈనబోతోందని ఒకసారి వాయిదా వేస్తూ వచ్చింది. ఇక చెప్పడానికేమీ మిగల్లేదనుకున్న వేళ దేవుడు ట్రాక్టరు రూపంలో వచ్చాడు. ఆవిడ కారు దగ్గరికొచ్చి అద్దం తడిమి చూసింది. "పగిలిన అద్దం ఇంట్లోనే ఉంచుకోకూడదు. దాన్ని పక్కన పెట్టుకుని కంటికి కత్తి పెట్టించుకోడానికి ఎవరన్నా పోతారా?" అని తీర్పు చెప్పి మంచమెక్కింది. మనసులో ఓ మూల అందరికీ ఆ శంక ఉండనే ఉంది.

గుంటూరులో అడిగితే అద్దం విడిగా రాదు, మొత్తం సెట్టే కొనాలన్నారు. ధర విన్న బాబాయి, దాంతోపాటు కారు కూడా ఇస్తారా అని అడిగి బయటికొచ్చేశాడు. అప్పుడు నేను నా తెలివంతా బయటపెట్టి, పటాలు కట్టే కొట్లో అద్దం ముక్క కోయించుకొచ్చి ఆ ఫ్రేములోనే అతికించాను. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. చూడలేని నాయనమ్మ మాత్రం బొటనవేలితో అంచంతా నెమ్మదిగా తడిమింది. "పెద్దద్దాన్ని పగలగొడితేనే గదరా ఈ ముక్క వచ్చింది," అంది.

చివరికి చీమకుర్తిలో రాళ్ల లారీ తోలే మావయ్య ఆదుకున్నాడు. తుక్కు కింద పోయిన ఏదో లారీది, చుట్టూ రబ్బరు అంచుతో నిండుగా ఉన్న అద్దం తెచ్చిచ్చాడు. బదులుగా ఒక జాడీడు పండుమిరపకాయల పచ్చడి పట్టించుకుపోయాడు. ఇనప కడ్డీ వెల్డింగు చేయించి బిగించాక చూస్తే, మా బుల్లి కారుకి ఒక చెవి ఏనుగుది పెట్టినట్టుంది. నవ్వుదామని వచ్చినవాళ్లు ముందు అందులో తల దువ్వుకుని, ఆ తర్వాత నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా వీధి వీధంతా, పైనున్న ఆకాశంతో సహా అందులో పట్టేసింది. పుట్టి పెరిగిన వీధి అంత పొడుగుందని నాకు అప్పుడే తెలిసింది. నాయనమ్మ రెండు అరచేతులూ దాని మీద ఆనించి చాలాసేపు వెతికింది. ఎక్కడా బీట దొరకలేదు. "భయమేస్తందిరా," అంది బాబాయితో, అన్నాళ్లలో మొదటిసారి. బాబాయి చెయ్యి పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టాడు.

ముందుగా ఒక కంటికి ఆపరేషనయింది. మర్నాడు కట్టు విప్పాక, నల్ల కళ్లజోడు పెట్టుకుని మాతో తిరిగొస్తూ ఉన్నట్టుండి, "ఎవర్రా ఆ ముసలామె, మన బండి పట్టుకుని వేలాడుతోంది?" అంది. నువ్వేనని బాబాయి చెప్పలేక చెప్పాడు. ఆవిడ కళ్లజోడు పైకెత్తి పరీక్షగా చూసుకుంది. "మా అత్తేమో అనుకున్నా," అంది. (ఆ అత్తగారు పోయి చాలా ఏళ్లయింది.) వెనక కూర్చున్న నేను నవ్వాపుకుంటూ కిటికీలోంచి చెయ్యి చాపి అద్దాన్ని కాస్త పక్కకు తిప్పాను. అది మిరప కళ్లాల కాలం. మేము దాటొచ్చిన కళ్లాలన్నీ, ఎండబోసిన కాయలతో, కనుచూపు మేర ఎర్రగా అందులోకి వచ్చాయి. బాబాయి బండి ఆపేశాడు. నేను రోజూ తుమ్ముకుంటూ, తిట్టుకుంటూ నడిచే కళ్లాలే అవి. అయినా ముగ్గురం ఆ ఒక్క అద్దంలోకే చూస్తూ ఉండిపోయాం.

"ఇంత ఎరుపుండేదా?" అంది నాయనమ్మ. "మర్చేపోయాను."

ఆ అద్దం కారుకన్నా ఎక్కువకాలం బతికింది. ఇప్పటికీ బాబాయి గడ్డం గీసుకునేది అందులోనే. మొన్న కంటి డాక్టరు నాకూ శుక్లం ముదిరిందని, వెంటనే ఆపరేషనుకి రమ్మని చెప్పాడు. పత్తి తీతలు అవ్వగానే వస్తానన్నాను. (నాకు సెంటు పొలం లేదు.) ఇంటికొచ్చి, ఎందుకో ఇప్పటి నా కారు చుట్టూ ఒకసారి తిరిగి చూశాను. నా ఖర్మకొద్దీ రెండద్దాలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.