నిచ్చెన తీసేశాను

వైమానిక దళంలో విమానాల మరమ్మతు పని చేస్తాను. మాది ఎమ్మిగనూరు. నాన్న పోయిన పదిహేనో రోజుకే సెలవు అయిపోయి, ఉత్తరాదిలోని మా స్థావరానికి తిరిగొచ్చాను. అప్పటికే విదేశీ దళాలతో కలిసి యుద్ధ విన్యాసాలు మొదలయ్యాయి. అంతా నిజం యుద్ధంలాగే ఉంటుంది, క్షిపణులు మాత్రం వదలరు. ఎవరు ఎవర్ని కూల్చినట్టో కింద ఉన్నవాళ్లు తేల్చి చెబుతారు.

ఆ ఉదయం నేను సిద్ధం చేసి పంపిన విమానం కూలిపోయిందని కబురొచ్చింది. నాకేమీ అనిపించలేదు. పైలట్ దిగడానికి వేసే నిచ్చెనను తోసుకుంటూ పోయి షెడ్డులో పెట్టి, తలుపు మూసి కూర్చున్నాను.

కాసేపటికి ఆ విమానమే వచ్చి ఆగింది. పైలట్ దిగే దారి లేక పైనుంచి చుట్టూ చూస్తున్నాడు. విదేశీ సిబ్బంది నవ్వుతున్నారు. నాతో పనిచేసే ఆదోని ఖాజా అన్న పరిగెత్తుకొచ్చాడు.

"నిచ్చెన యాడ పెట్టినావప్పా? సారు పైననే ఉండాడు!"

"కూలిపోయిందన్నారు కదన్నా," అన్నాను.

ఆయన నా మొహం చూసి, తనే వెళ్లి నిచ్చెన తెచ్చాడు. పైలట్ దిగి, "నేను పోయాననుకున్నావా?" అని నవ్వుతూ హిందీలో అడిగాడు. తలూపాను.

నాన్నను కాటికి సాగనంపి వచ్చిన రోజు కూడా నేను చేసిన మొదటి పని అలాంటిదే. ఆయన మంచాన్ని మిద్దె మీదికి ఎక్కించేశాను. అప్పుడూ ఏమీ అనిపించలేదు.

మళ్లీ సెలవుకు వెళ్లినప్పుడు ఆ మంచం దించి, పాత చోటే వేశాను.

"ఎవరొస్తారని దించినావు నాయనా?" అంది అమ్మ.

ఎవరూ రారని నాకూ తెలుసు. అయినా దాన్ని మళ్లీ మిద్దె ఎక్కించడానికి చేతులు రాలేదు.