బోటుకు వాటా ఇచ్చే ఊళ్లో ఆరోగ్య నిధి లెక్కలు

సునామీ వచ్చిన మరుసటి వేసవిలో భావనపాడు నుంచి నా స్నేహితుడు రాజులు కబురు పంపాడు. "శనోరం మా ఆరోగ్య నిధి ఏడాది లెక్కలు సదువుతారు బావా. ఈపాలి మూసేత్తారేమో. నువ్వొచ్చి పక్కన కూకో." రాజులు సముద్రం మీద వేటకు వెళ్లేవాడు. కిడ్నీలు చెడి రెండేళ్లుగా ఒడ్డునే ఉన్నాడు. వారం వారం విశాఖ వెళ్లి రక్తం శుద్ధి చేయించుకుంటేనే బతుకు. అందులో సగం ఖర్చు నిధిది. నాది పలాస, జీడిపప్పు బస్తాలు కుట్టే పని. తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివాను కాబట్టి లెక్కలంటే భయం లేదు, అర్థం కావు అంతే.

ఉదయం ఏడింటికి పలాస కాంప్లెక్సులో బస్సెక్కితే పన్నెండు రూపాయల టిక్కెట్టుతో ఎనిమిదికల్లా టెక్కలి. అక్కడ ఇడ్లీ తిని, నౌపడ మీదుగా వెళ్లే షేర్ ఆటో ఎక్కాను, పది రూపాయలు. నౌపడ దాటాక ఉప్పుమడుల మీది ఎండ కళ్లలో పొడుస్తుంది, టోపీ ఉంచుకోండి. డ్రైవరు కూడా ఒకప్పుడు నిధి సభ్యుడేనట.

"మూడేళ్లు కట్టినాను మావా. ఒక్క జొరం రానేదు. దండగని మానేసినాను."

"అయ్యో పాపం. కట్టినందుకు ఒక కాలైనా ఇరగనేదేటి?"

అతను నవ్వలేదు. ఆటోను మాత్రం ఏరి ఏరి గోతుల్లోంచే పోనిచ్చాడు.

వేట నిషేధం రోజులు, బోట్లన్నీ ఒడ్డెక్కి ఉన్నాయి. వలలు దాచే రేకుల షెడ్డులో సభ. కార్యదర్శి సత్యవతి అంగన్‌వాడీ టీచరు. ఆమె చదివింది: కిందటేడు మూడువందల పది కుటుంబాలు, ఇంటికి రెండువందల చొప్పున అరవై రెండు వేలు వచ్చింది. ఆసుపత్రులకు వెళ్లింది డెబ్బై ఒక్క వేలు. తక్కువపడింది పాత నిల్వలోంచి తీశారు. ఈ ఏడు మళ్లీ కట్టినవి నూట ఎనభై కుటుంబాలే. రెండువందల యాభైకి తగ్గితే నిధి మూసేయాలన్నది వాళ్లు చేసుకున్న తీర్మానమే. "రాజులొక్కడే సగం తినేత్తన్నాడు," అని వెనకనుంచి ఎవరో అన్నారు. రాజులు తువ్వాలుతో మొహం తుడుచుకుని, తువ్వాలు అక్కడే ఉంచేసుకున్నాడు.

నాకు నోరాగలేదు. అక్కడ చేపల డబ్బు పంచేటప్పుడు మనుషులతో పాటు బోటుకూ ఒక వాటా తీసి, మరమ్మతుల కోసం పక్కన పెడతారు. నేను లేచి, పెద్దమనిషి మొహం పెట్టి అడిగాను. "ఈ ఏడు మీ బోట్లకి సిల్లులు పడ్డాయేటి?"

"నేదు," అన్నారు నలుగురైదుగురు.

"అయితే బోటు వాటా పంచేసుకోండి. ఉత్తినే తినేత్తన్నాది కదా!"

ముసలి బోటు యజమాని ఎర్రయ్య ఒక్క ఉదుటున లేచాడు. "ఏ ఊరోడివిరా నువ్వు? బోటు బాగున్నప్పుడు తియ్యకపోతే, బద్దలైన రోజున నీ బాబిత్తాడేటి?"

"అదే కదా తాతా, ఆ టీచరమ్మ పొద్దుటినుంచి సదువుతున్నాది."

ఎర్రయ్య నన్ను పచ్చిగా నమిలేసేలా చూశాడు. తర్వాత వెళ్లి సత్యవతి ముందు చతికిలబడ్డాడు. "ఇల్లిల్లూ తిరగకమ్మా. బోటు పేర్న రాసుకో. వేట మొదలెట్టినాక బోటు వాటాతో పాటే నిధి వాటా తీసేత్తాం." మధ్యాహ్నానికి పదమూడు బోట్ల మీద, మానేసినవాళ్లలో డెబ్బై ఎనిమిది కుటుంబాలు తిరిగొచ్చాయి. మొత్తం రెండువందల యాభై ఎనిమిది.

చివర్లో, ఇకనుంచి రాజులు చందా కూడా తన బోటే కడుతుందన్నాడు ఎర్రయ్య. రాజులు ఒప్పుకోలేదు. "వద్దు తాతా. నాను వల లాగి రెండేళ్లయినాది."

"బోటు లాగుతాదేటిరా వల?" అన్నాడు ఎర్రయ్య. "రాయమ్మా."

జబ్బు రాని ఇళ్లవాళ్లు కట్టిన డబ్బు ఏమైపోయిందని అడిగేవాళ్లకు నేనిప్పుడు చూపించగలను. ఆ మధ్యాహ్నం అది రాజులు ఇంట్లో నా ఎదురుగా కూర్చుని, నాకు ఎండుచేపల పులుసు వడ్డించి, తను ఉప్పులేని చప్పిడి కూడు తింది. వెళ్లేవాళ్లకు ఒక్క మాట: వేట నిషేధం రోజుల్లో పచ్చిచేప దొరకదు గానీ మనుషులందరూ ఒడ్డున దొరుకుతారు. టెక్కలికి ఆఖరి ఆటో అయిదింటికే, ఎవరినైనా ఉడికించాలనుకుంటే భోజనాల లోపే కానివ్వండి.