మాకు దుబాసీ అక్కర్లేదు

మా తాతగారి ముత్తాతగారు బందరులో కలెక్టరు దొర దగ్గర దుబాసీ. దొర మాటను రైతుకి, రైతు మాటను దొరకి పొల్లు పోకుండా ఒప్పజెప్పేవారని మా ఇంట్లో చెప్పుకునేవారు. రైతు దొరను తిడితే ఆ తిట్టును తిట్టులాగే అందజేసేవారట. ఆ నమ్మకానికి మెచ్చి దొర ఆయనకు వెండి పొన్ను వేసిన చేతికర్ర బహూకరించాడు. ఆయన కొడుకు అదే కచేరీలో శిరస్తాదారు. మనవడు మూడు ఊళ్లకు మొఖాసాదారు. మా తాతగారు తాలూకా బోర్డు అధ్యక్షులు. ఆయన వీధిలో నడుస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. మా నాన్నగారి కోసం ఎవరూ లేవలేదు. పొలాలూ ఇల్లూ కోర్టు దావాల్లో పోయాయి. నా దాకా వచ్చింది ఆ చేతికర్ర ఒక్కటే. న్యూజెర్సీలో, ఐసెలిన్‌కు పది నిమిషాల దూరంలో, మా అద్దె అపార్ట్‌మెంట్ గుమ్మం పక్కన గొడుగులతో పాటు నిలబడి ఉండేది.

ఇది ముందుగా చెప్పకపోతే నేను ఆస్పత్రిలో చేసిన పని ఎవరికీ అర్థం కాదు.

నాన్నగారు పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. నా భార్యకు రెడ్‌మండ్‌లో ఉద్యోగం. రెండు నెలలకోసారి వచ్చి వెళ్లేది. ఇంట్లో అమ్మా నేనూ. జనవరిలో అమ్మను మొదటిసారి డాక్టరుకు చూపించడానికి తీసుకెళ్లాను. అమ్మకు ఇంగ్లీషు రాదని కాగితంలో రాశాను గనక, నర్సు చక్రాల స్టాండు మీద ఒక టాబ్లెట్ తోసుకొచ్చింది. తెరమీద నడివయసు ఆవిడ, చెవులకు హెడ్‌సెట్, వెనక ఉత్త గోడ.

"నమస్కారమండీ. నేను మీ తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని," అని ఒక నంబరు చెప్పింది. "మీరు చెప్పే ప్రతి మాటా డాక్టరు గారికి చెప్తాను, ఆవిడ చెప్పేదంతా మీకు చెప్తాను. ఇక్కడి సంగతి బయటికి పోదండీ."

అమ్మకు ప్రాణం లేచొచ్చింది. "ఏ ఊరమ్మా మీది?"

"క్షమించండమ్మగారూ, నా సొంత విషయాలు చెప్పకూడదు."

"ఊరు చెప్తే తప్పేముంది తల్లీ? నేనేమన్నా సంబంధం కలుపుకోడానికి అడిగానా?"

ఆవిడ నవ్వింది. చెప్పలేదు. అమ్మ కూడా నవ్వింది. నేను నవ్వలేదు.

"ఎవరింటివారు మీరు?" అని అడిగాను.

"అదీ చెప్పలేనండీ. నంబరు మళ్లీ చెప్పమంటారా?"

దాహమని వచ్చిన బాటసారినైనా ఎవరింటివాడో అడిగాకే మా ఇంట్లో మజ్జిగ పోసేవారు. ఇక్కడ ఊరూ ఇంటిపేరూ లేని మనిషి, ఒక నంబరు, మా అమ్మ ఒంటి సంగతులన్నీ వినబోతోంది. మాకు అక్కర్లేదని నర్సుతో చెప్పాను. ఇది ఉచితం, మీ అమ్మగారి హక్కు, ఇంట్లోవాళ్లు చెబితే కొన్ని మాటలు జారిపోతాయి అంది. ఈ పని మా వంశంలోనే ఉందన్నాను. ఆమెకు అర్థం కాలేదు. వద్దంటున్నట్టు రాసి ఉన్న కాగితం ఒకటి తెచ్చింది.

"ఎక్కడరా?" అంది అమ్మ. వేలు పెట్టి చూపించాను. తెలుగులో సంతకం చేసింది.

"సరేనండీ. ఆరోగ్యం జాగ్రత్త అమ్మగారూ," అని తెరమీద ఆవిడ వెళ్లిపోయింది.

డాక్టరమ్మ చిన్నది, ఓపికగా అడిగింది. షుగరు, బీపీ, మోకాళ్లు. నేను బాగానే చెప్పాను. తిమ్మిరికీ మంటకీ తేడా పోకుండా చెప్పానని నాలో నేను మెచ్చుకున్నాను కూడా. అప్పుడు ఆమె కంప్యూటర్ వైపు చూస్తూ, నెలసరి ఆగిపోయాక మళ్లీ ఎప్పుడైనా రక్తం పోయిందా అని అడిగింది.

చిన్నప్పుడు అమ్మ బయట చేరిన మూడు రోజులూ ఎందుకు వంటింట్లోకి రాదో కూడా నేను అడిగి ఎరగను.

"ఏమంటోందిరా?"

"ఆకలి బాగా వేస్తోందా అంటోంది."

"వేస్తోందని చెప్పు."

డాక్టరమ్మతో లేదని చెప్పాను. ఆమె టైప్ చేసుకుంది. అంతా కలిపి అర నిమిషం పట్టి ఉంటుంది.

సెప్టెంబరులో ఒక ఉదయం అమ్మ వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయింది. ఎమర్జెన్సీలో ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉందన్నారు. ఈసారి నన్నెవరూ ఏమీ అడగలేదు. టాబ్లెట్ దానంతట అదే వచ్చింది. నన్ను కర్టెన్ బయట ఉండమన్నారు. ఉన్నాను. ఈ ఇంటర్‌ప్రెటర్‌ది తెలంగాణ మాట.

"నెలసరి ఆగినంక మళ్ల రక్తం ఏమన్న పోతుందా అమ్మా?"

అమ్మ గొంతు తగ్గించింది. "పోతోందమ్మా. నిరుడు దసరా నుంచీ."

డాక్టరు ఇంగ్లీషులో ఏదో చదివాడు. ఏం చదివాడో ఆవిడ చెప్పకముందే నాకు తెలిసింది.

"జనవరిల అట్లాంటిదేం లేదని మీరు చెప్పినట్టు ఈడ రాసి ఉందమ్మా. మీ మాట మీ కొడుకే ఇంగ్లీషుల చెప్పిండని కూడ ఉంది."

"నన్నెవరూ అడగలేదమ్మా," అంది అమ్మ.

ఆ మాట ఇంగ్లీషులోకి వెళ్లింది. పొల్లు పోలేదు.

గర్భసంచి క్యాన్సర్. సంచి దాటి బయటికి పాకింది. జనవరిలో తెలిసి ఉంటే ఆపరేషన్‌తో సరిపోయేదేమో అన్నాడు డాక్టరు. ఆ 'ఏమో'ని కూడా ఇంటర్‌ప్రెటర్ వదల్లేదు.

ఇంటికి పంపించిన రోజున కారులో అమ్మే మాట్లాడింది. "ఆ తెరమీద ఆవిడతో చెప్పానురా, మా వాడు మంచివాడేనమ్మా, నా ముందు సిగ్గు, అంతే అని. ఆవిడ అదీ ఇంగ్లీషులో చెప్పేసింది. ఆవిడతో చెప్పానే గానీ డాక్టరుతో చెప్పమన్నానా!" అని నవ్వింది. నాకు ఏమీ అనిపించలేదు. సిగ్నల్ పడితే ఆగాను. ఐసెలిన్‌లో ఆగి కూరలు కొన్నాం. బీరకాయలు లేతగా ఉన్నాయంది.

ఇప్పుడు మూడు వారాలకోసారి కీమో. లోపల టాబ్లెట్, బయట కుర్చీలో నేను. కొత్త గొంతు వచ్చినప్పుడల్లా అమ్మ ఏ ఊరని అడుగుతూనే ఉంది. బయటికొచ్చి నాతో చెబుతుంది: "ఈవిడా చెప్పలేదురా. యాస మాత్రం గుంటూరుదే, నా దగ్గరా దాపరికాలు?"

కాళ్లలో పట్టు తగ్గిందని ఆస్పత్రివాళ్లు నాలుగు కాళ్ల అల్యూమినియం కర్ర ఇచ్చారు. ఇంటికి రాగానే అమ్మ దాన్ని గుమ్మం పక్కన పెట్టబోతే చోటు చాలలేదు. వెండి పొన్ను కర్రను అటూ ఇటూ జరిపి చూసింది.

"ఇదింకా ఎందుకురా ఇక్కడ? ఎవర్ని కొట్టడానికి?"

"అమ్మెయ్యమంటావా?"

"నన్నడుగుతున్నావా?"

"నిన్నే అడుగుతున్నాను."

"అయితే అమ్మెయ్."

శనివారం ఓక్ ట్రీ రోడ్డులో ఒక నగల దుకాణంలో అమ్మాను. పొన్ను ఊడదీసి వెండి తూకానికి తీసుకున్నారు. కర్ర వెనక్కి ఇచ్చేశారు.