రాణి వెనక్కి చూసినప్పుడు

దేవరకొండ బస్సులో నా పక్కన ఒక అవ్వ కూర్చుంది. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఆమె మెడ బిగుసుకుపోయింది. బస్సు టీవీలో పాత రాజుల కాలపు ప్రేమ సినిమా వస్తోంది. అద్దాల మేడలో రాజు పిలవగానే, ఒంటినిండా నగలున్న రాణి వెనక్కి తిరిగి చూసింది.

"గా నగలు, మేడలు నాకెందుకు బిడ్డా. గట్ల మెడ తిప్పుతదని సూస్త," అంది అవ్వ. "చేన్ల మా ముసలాయన ఎనకనుంచి పిలిచిండు. నేను మొత్తం మనిషిని తిరిగేసరికి కిందవడి పానం ఇడిసిండు."

ఇప్పుడు ఊళ్లకు మంచినీళ్లు వస్తున్నాయి కదా అన్నాను.

"వస్తున్నయి. ఆయనకు నా మొకం కనవడకనే పాయె," అంది.

ఆమె దిగుతుంటే, పోయిరా అవ్వా అని వెనకనుంచి పిలవలేకపోయాను.