శ్రీనుని ఒత్తిగిలించింది ఎవరు?

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఎవరైనా అలాంటివి చెబితే నవ్వేసే మనిషిని. కానీ ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఆ మంటలోనే భయమూ వేస్తుంది.

మా తమ్ముడు శ్రీను రెండేళ్ల కిందట లాలాగూడలో బైక్ మీంచి పడ్డాడు. మెడ కింద కదలికా లేదు, స్పర్శా లేదు. పడుకుని పడుకుని నడుము కింద ఎముక కనిపించేంత పుండు పడింది. సికింద్రాబాద్‌లో ఓ ఆసుపత్రిలో పిరుదు దగ్గరి కండని చర్మంతో సహా జరిపి, పుండు మీద మూసి కుట్టారు. దాన్ని ఫ్లాప్ అంటారట.

"దాని మీద బరువు పడకూడదు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ఇది పాడైతే మళ్లీ జరపడానికి చర్మం లేదమ్మా" అన్నారు డాక్టరు.

మర్నాడు నాలుగింటి దాకా నన్ను వార్డులోకి రానివ్వలేదు. అద్దం తలుపు బయట, వాడి మంచం కనిపించేలా కూర్చున్నాను. పొద్దున డ్యూటీ ఎక్కిన నర్సు, పక్క మార్చినట్టు రాసే కాగితంలో సాయంత్రం దాకా ఉన్న గళ్లన్నిట్లోనూ ఒకేసారి సంతకాలు గీకేసింది. కళ్లారా చూశాను. తలుపు కొడితే వాచ్‌మన్ కసురుకున్నాడు.

నాలుగింటి వరకు శ్రీను దగ్గరికి ఒక్కరూ వెళ్లలేదు. నేను టీకి కూడా లేవలేదు. అయినా పన్నెండింటికి చూస్తే ఎడమ పక్కనున్నవాడు కుడికి తిరిగి ఉన్నాడు. రెండింటికి మళ్లీ ఎడమకి. మోకాళ్ల మధ్య దిండు కూడా సర్ది ఉంది.

నాలుగింటికి లోపలికి వదలగానే నర్సుని నిలదీశాను.

"ఏందమ్మా గిట్ల మాట్లాడ్తరు? సంతకాలు ఉన్నయ్ గద, చూస్కోండి!" అంది.

శ్రీను నన్ను ఆపాడు. "గొడవెందుకక్కా? తిప్పుతూనే ఉన్నారు. తుంటి కింద చెయ్యి పెట్టి, ఎంత మెల్లగా తిప్పారో. మొహం కనబడలేదు గానీ చేతులు వెచ్చగా ఉన్నాయి."

"నీకెలా తెలిసిందిరా?" అన్నాను.

వాడు తన తుంటి వైపు చూసుకున్నాడు. అక్కడ సూది గుచ్చినా వాడికి తెలియదు.

మూడు వారాలకి కుట్లు విప్పారు. ఫ్లాప్ చక్కగా అతుక్కుంది. "మా సిస్టర్లు బాగా చూసుకున్నారు" అన్నారు డాక్టరు. ఆ నర్సు సిగ్గు లేకుండా నవ్వింది. ఫిర్యాదు రాద్దామని కాగితం తీశాను. ఎవరూ తిప్పలేదని రాస్తే ఫ్లాప్ ఎలా బతికిందంటారు. తిప్పారని రాస్తే ఎవరని రాయను? కోపంతో కాగితం చింపేశాను.

ఇప్పుడు కార్ఖానా ఏరియాలోని మా ఇంట్లో రెండు గంటలకోసారి నేనే ఒత్తిగిలిస్తున్నాను. తుంటి కింద చెయ్యి పెట్టి, వాడు చెప్పినట్టే మెల్లగా. తెలుస్తోందా అని ప్రతిసారీ అడుగుతాను. లేదక్కా అంటాడు.