శాలువా కప్పుకున్న చిక్కుడు

సూరత్ పక్క ఉధ్నాలో మేముండే ఇంటి వెనక ఒక పెరడు ఉంది. పెరడు అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. నాలుగు మంచాలు వేస్తే ఐదోదాన్ని నిలబెట్టాలి. ఒక పక్క మా వంటగది గోడ, ఇంకో పక్క మరమగ్గాల కార్ఖానా గోడ. ఆ గోడ పగలంతా వణుకుతూనే ఉంటుంది. దాని మీద ఆరేసిన చొక్కాలు వాటంతట అవే దులుపుకుని మడత పడతాయని ఊరి నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు చెబుతుంటాను. ఇద్దరు ముగ్గురు తడి చొక్కాలు పట్టుకొచ్చారు కూడా.

ఇంటి యజమానురాలు గుజరాతీ ఆవిడ. డెబ్బై దాటాయి, పైఅంతస్తులో ఒక్కతే ఉంటుంది. వాడకట్టంతా పిలిచినట్టే మేమూ "బా" అంటాం, అమ్మ అని అర్థం. ఆమె నన్ను "దీకరా" అంటుంది, అంటే కొడుకా అని. ఆమె మాట్లాడేది గుజరాతీయే అయినా ఇరవై ఏళ్లుగా వినీ వినీ మా చెవులకు తెలుగైపోయింది కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను.

నా కథలంటే బాకు ప్రాణం. అయితే వాటికి ఒక పరీక్ష పెట్టుకుంది. నేను కథ ముగించగానే నా ముఖం చూడదు, నా భార్య ముఖం చూస్తుంది. నా భార్య తల అడ్డంగా ఊపుతుంది. బా కడుపారా నవ్వుకుని మేడెక్కుతుంది. ఇరవై ఏళ్లలో ఒక్కసారి తప్ప ఆ తల నిలువుగా ఊగడం నేనెరగను.

ఒక ఏడు వానలకు ముందు, పెరట్లో నీళ్లు నిలుస్తున్నాయని బా ఒక ట్రాక్టర్ మట్టి పోయించింది. ఏ గుట్ట పక్క మట్టో తెలియదు. రెండు వానలు పడేసరికి అందులోంచి ఒక తీగ లేచి, కార్ఖానా గోడ పట్టుకుని పైకి పాకింది. మూడేసి ఆకులు. దసరా దాటాక ఊదారంగు పూలు గుత్తులుగా వేలాడాయి.

సూరత్‌లో గోడ మీద మూడాకుల తీగ కనిపిస్తే ఎవరికైనా ఒకటే తోస్తుంది: పాపడీ. అంటే మన చిక్కుడే. చలి మొదలైతే చాలు, ఈ ఊరివాళ్లు పాపడీ, కంద, వంకాయ, మెంతి ముద్దలు కలిపి ఉంధియు వండుతారు. ఆ కూర కోసం ఏడాదంతా బతికి ఉంటారని నా అనుమానం. ఎవరు నాటారని బా మురిసిపోతూ అడిగింది. ఎవరూ నాటలేదు, అదే మొలిచింది అంటే అయిపోయేది. నా నోరు ఊరుకుంటుందా?

"మా తాత చేలో విత్తనం బా. తాత పోయేటప్పుడు భూమి మా పెదనాయినకిచ్చి, ఈ గింజలు మా నాయినకిచ్చిండు. భూమి వచ్చినందుకు పెదనాయిన ఏడ్సిండు."

బా అలవాటు ప్రకారం నా భార్య వైపు తిరిగింది. నా భార్య ఉధ్నాలోనే పుట్టి పెరిగింది. మా తాతనూ ఎరగదు, తాత చేనూ ఎరగదు. భుజాలెగరేసి ఊరుకుంది. తల అడ్డంగా ఊగలేదు కాబట్టి బా దాన్ని ఒప్పుకోలు కింద రాసుకుంది.

ఇక ఆ తీగకు జరిగిన సేవ నాకు కూడా ఎన్నడూ జరగలేదు. బా రోజూ నీళ్లు పోసేది. చీరల అంచుల నుంచి కత్తిరించి పారేసే దారపు పట్టీలు కార్ఖానా నుంచి తెచ్చి నేనే పందిరి అల్లాను.

చలి మొదలయ్యాక కాయలు వచ్చాయి. వంకర్లు తిరిగి, ఒంటినిండా గోధుమరంగు నూగుతో, మఖమల్ గుడ్డ చుట్టినట్టున్నాయి. బాల్కనీలోంచి బా అడిగింది, ఈ వెంట్రుకలేమిటని.

"మా దిక్కు చలి ఎక్కువ బా. చిక్కుడుకాయ సుత శాలువా కప్పుకొనే పుడ్తది."

అనేసి, ఒక కాయ తెంపి చూపిద్దామని దగ్గరికి పోయాను. జానెడు దూరంలో నా చెయ్యి ఆగిపోయింది. దూలగొండి.

మా వైపు బడికి పోయిన ప్రతివాడికీ ఇది తెలుసు. మిగతా చదువు మరిచిపోయినా ఇది మరవడు. సారు కుర్చీ మీద రాద్దామని ఒక కాయను జేబులో వేసుకుని బయల్దేరి, బడి రాకముందే బట్టలతో సహా చెరువులో దూకినవాణ్ణి నేను. ఆ నూగు తగిలితే ఒళ్లు మండుతుంది, గోకిన కొద్దీ పాకుతుంది. ముదిరిన కాయ నుంచి గాలికి కూడా లేస్తుంది. కంట్లో పడితే ఇక చెప్పనక్కర్లేదు.

బాకు కంటి ఆపరేషన్ అయి నెల కూడా కాలేదు. మాటకు ముందోసారి, మాటకు వెనకోసారి ఆ కంటిని కొంగుతో తుడుచుకుంటుంది. ఆదివారం కడోదరా నుంచి ఆమె వియ్యాలవారు భోజనానికి వస్తున్నారు. పొద్దున్నే తన చేత్తో పాపడీ కోస్తానని ఊరంతా చాటింది.

ఆ సాయంత్రమే మేడెక్కి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇది మా తాతది కాదు, మట్టితో వచ్చింది, విషపు మొక్క, ముట్టుకోవద్దు అని. బా చివరిదాకా విని నా భార్య వైపు చూసింది.

"దూలగొండి అంటే మా అత్తమ్మ నిన్ను తిట్టే మాట గద," అంది నా భార్య. "గదొక చెట్టా?"

తల అడ్డంగా ఊగింది. కాయలన్నీ నేనొక్కణ్ణే తినడానికి పన్నాగం పన్నానని బా తేల్చేసింది. మర్నాడు కొడవలి పట్టుకుని పెరట్లో కనిపించానని బాల్కనీలోంచి పెట్టిన కేక మగ్గాల చప్పుడును దాటి కార్ఖానాలోకి వినిపించింది. శనివారం బజారు నుంచి రెండు కిలోల పాపడీ తెచ్చి ఆమె ముందు పెట్టాను. బా ఒక కాయ వేళ్ల మధ్య తిప్పి చూసి, పెదవి విరిచింది.

"దీనికి శాలువా లేదు దీకరా."

ఆదివారం పొద్దున వెదురు తట్ట చంకన పెట్టుకుని దిగింది. నేను తీగకు అడ్డంగా నిలబడ్డాను. ఇక మాటలతో పని లేదని రెండు వేళ్లతో ఒక కాయ తెంపి, నా ఎడమ ముంజేతికి రుద్దుకున్నాను. కాసేపు ఏమీ కాలేదు. బా ఓపిగ్గా చూసింది. తర్వాత ఒక చీమ కుట్టినట్టయింది. తర్వాత దాని బంధువులంతా వచ్చారు. నేను ఎగిరాను, గోడకు చెయ్యి రాసుకున్నాను, ఆ గోడ ఊరికే ఉండదు కదా, వణికి వణికి మంటను మోచేతిదాకా తెచ్చింది.

బా తట్ట కింద పెట్టి చప్పట్లు కొట్టింది. ఆమె తప్పేం లేదు. ఇదివరకు ఆమె ముందు తేలు కుట్టినట్టూ, కరెంటు షాక్ కొట్టినట్టూ చేసి చూపించింది నేనే. ఈసారి తేలు కంటే బాగా చేశానని మెచ్చుకుని, నన్ను దాటుకుని తీగ మీదికి చెయ్యి చాచింది.

వంటగది గుమ్మంలో నా భార్య, వియ్యాలవారి కోసం కలుపుతున్న పూరీల పిండి చేతులతో నిలబడి ఉంది.

"బా, ఆగు జర," అంది. నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఈయన మాట్లాడ్తలేడు."

బా చెయ్యి గాల్లోనే ఉంది.

"తేలు కుట్టిందని చేసిననాడు తేలు రంగు చెప్పిండు, దాని పెండ్లాం ముచ్చట చెప్పిండు. జ్వరమొచ్చినా ఈయన నోరు మూతపడదు. గిప్పుడు పండ్లు బిగబట్టి నిలబడ్డడు, చూడు. నిజమే అయ్యుంటది."

బా నా నోటి వైపు చూసింది. నిజంగానే ఒక్క మాట రాలేదు. ఆమె నా భార్య వైపు తిరిగింది. ఆ తల నిలువుగా ఊగింది. బా చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని, కంటి మీదికి పోబోతున్న కొంగును కూడా కిందికి దించింది.

తర్వాత మాట తిరిగి రాగానే నేను పేడ అడిగాను. మా వైపు దీనికి పేడ పూసి కడుగుతారు. చుట్టాల కోసం కడిగి పెట్టుకున్న ఇంట్లోకి పేడేమిటని బా ఒప్పుకోలేదు. నా భార్య చేతిలో పిండి ఉండనే ఉంది. దాన్ని ముద్ద చేసి నా చేతి మీద దొర్లిస్తే నూగు దానికి అంటుకుని వచ్చింది. ఒక ముద్ద పారేసి ఇంకో ముద్ద, పదిహేను మందికి కలిపిన పిండి అయిపోయేదాకా. ఆ రోజు వియ్యాలవారు నా రెండు కిలోల బజారు పాపడీ ఉంధియును అన్నంతో తిని వెళ్లారు.

తీగను మర్నాడు, గాలి లేనప్పుడు తీశాం. బాను మేడ మీదే ఉంచి కిటికీలు మూయించాం. ఇద్దరం నిండు చేతుల చొక్కాలు తొడిగి, చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని, ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకున్నాం. ముందు పైపుతో తీగంతా తడిసి ముద్దయ్యేదాకా నీళ్లు కొట్టాం, నూగు లేవకుండా. తడి మీదే మొదలు కోసి, పందిరితో సహా చుట్టచుట్టి నూలు బస్తాల్లో కుక్కి మూతులు కట్టాం. రాలిన కాయలు పట్టుకారుతో ఏరి, వేరు తవ్వి తీశాం. తగలబెట్టలేదు, పొగతో కూడా పాకుతుందని. బట్టలు విడిగా రెండుసార్లు ఉతికాం. చెత్త బండివాడు బస్తాల్లో ఏముందని అడిగితే, నేను నోరు తెరిచేలోపే నా భార్య చెప్పేసింది. అతను వెంటనే నమ్మి, బస్తాలను కొనగోళ్లతో పట్టుకుని బండిలో వేశాడు.

మరుసటి ఏడు మిగిలిన మొలకలు పీకేశాక, బా అదే చోట బజారు పాపడీ విత్తనాలు నాటింది. నున్నని కాయలు, ఏ శాలువా లేదు. అయినా కోసే ముందు ప్రతి ఆదివారం కిందికి దిగి, "దీకరా, చెయ్యి," అంటుంది. ఇది చిక్కుడే అని నేనంటే నా భార్య వైపు చూస్తుంది. "చెయ్యి పెట్టు," అంటుంది నా భార్య.

ఎడమ చెయ్యి చాపుతాను. బా ఒక కాయ దాని మీద రుద్దుతుంది. ఇద్దరూ చేతిని చూడరు, నా నోటిని చూస్తారు. నేను మాట్లాడుతున్నంతసేపూ కూరకు భయం లేదు. అందుకే ఏదో ఒక కథ ఎత్తుకుంటాను, సగంలో ఉండగానే బా నిశ్చింతగా కోత మొదలుపెడుతుంది.

ఒక్క ఆదివారం మాత్రం, కోత ముగిసేవేళకు కథ మధ్యలో ఆపి అల్లరికి పండ్లు బిగబట్టాను. కోసిన తట్టెడు పాపడీ చెత్త బండికి పోయింది. అది వేళాకోళమని నేను ఎంత చెప్పినా వినకుండా, ఇద్దరూ కలిసి నా చేతిని పట్టుకుని పూరీల పిండంతా దాని మీద దొర్లించారు.