కరెంటు పోయినప్పుడు డాక్టరక్క అడిగిన మాట

మా డాక్టరక్క పోయిందని సోమవారం పొద్దున కబురొచ్చింది. నిద్రలోనే వెళ్లిపోయిందట. మనసు జబ్బుల డాక్టరు, మా నీలం నగర్ నేతింటి ఆడపడుచు. ఏడ్చాను. ఏడుస్తుంటేనే నవ్వు కూడా వచ్చింది. ఆమెను తలచుకుంటే ఎవరికైనా అంతే.

నేను చావాలని ప్రయత్నించి బతికాక, మళ్లీ వచ్చి మగ్గం పట్టాను. ఆమె దవాఖానాకు రమ్మన్న రోజు వెళ్లలేదు. దాంతో ఆమే కుంఠా నాకాలోని మా కార్ఖానాకు వచ్చేసింది. పవర్‌లూమ్‌ల మోతలో గుసగుసలు చెల్లవు కదా! నా చెవి దగ్గర గొంతెత్తి అరిచింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

"తమ్మీ, ఇంకా సావాలనిపిస్తదా?"

కార్ఖానా అంతా వినబడింది. నాకు తల కొట్టేసినట్లయింది.

"అయ్యో, మాఫ్ చెయ్ తమ్మీ! నీ ముచ్చట గల్లీకంతా చెప్పిన" అని నాలుక కరుచుకుంది.

అంతలో మూలన నూలు కండెలు చుడుతున్న మా అమ్మ మెల్లగా అంది: "నాకు గూడ ఒకప్పుడు అనిపించింది బిడ్డా."

ఆ మాట అమ్మ నోట నేనెన్నడూ వినలేదు. అప్పుడు నేనూ నోరు విప్పాను: "అనిపిస్తదక్కా."

తర్వాత డాక్టరక్క చాయ్ తాగుతూ అన్నీ చెప్పింది. బిస్కెట్ విరిగి చాయ్‌లో పడితే వేలు పెట్టి తీసుకునే మనిషి.

"ఇట్ల సావబోవుడు పిరికితనం గాదు, పాపం గాదు. దీన్ని విడిగ ఒక జబ్బుగ లెక్కగట్టాలని కొందరు డాక్టర్లంటరు. ఇంకా తేలలే. ఉట్టి ఆలోచనొస్తే ఆ జబ్బు పేరు పెట్టరు. సావాలని ప్రయత్నం చేసి రెండేండ్లు దాటకుంటేనే పెడ్తరు."

"మరి నాకు డిప్రెషన్ అన్నరు గద?"

"డిప్రెషన్ తగ్గినా ఇది మిగలొచ్చు తమ్మీ. అందుకే దీని సంగతి విడిగ అడుగుత. అడిగితే కొత్తగ పుట్టదు, ఉన్నది బయటపడ్తది."

మందులు వేసుకున్నాను. ఆమె అడుగుతూనే ఉంది. నా ప్రయత్నానికి రెండేళ్లు నిండిన రోజున అమ్మ పల్లీ, బెల్లంతో శేంగా పోళీలు చేసింది. డాక్టరక్క వేళ్లు నాక్కుంటూ, "ఇగ ఆ జబ్బు పేరు నీకు తగలదు. అడుగుడు మాత్రం నేను బంద్ చెయ్య" అంది.

మీ ఇంట్లో ఎవరైనా ముభావంగా ఉంటే మీరూ అడగండి. డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్లండి. నేను బతికింది అలాగే.

ఆ సోమవారం ఆమె కోసం కాసేపు మగ్గాలన్నీ ఆపాం. ఆ నిశ్శబ్దంలో అమ్మ కండె కింద పెట్టి, అందరూ వినేలా అడిగింది:

"బిడ్డా, సావాలనిపిస్తదా?"

"లేదమ్మా, ఆకలైతుంది. నీకు?"

"నాకు గూడ ఆకలే" అంటూ అమ్మ రొట్టెల మూట విప్పింది.